నీటికి లెక్క చెప్పిన హెన్రీ డార్సీ

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ముందు తప్పించుకోజూశాను. సర్వీసులో ఉండగా ఎస్టిమేట్లు, ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు తప్ప వేరే రాత ఎరగనివాణ్ణి. అదే వారంలో ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న మా మనవడు ఫ్లూయిడ్ మెకానిక్స్ పుస్తకం పట్టుకొచ్చి నా ముందు కూర్చున్నాడు. ఈ డార్సీ అనే ఆయన పైపుల లెక్కలోనూ వస్తున్నాడు, బోరుబావుల లెక్కలోనూ వస్తున్నాడు, ఇద్దరూ ఒకరేనా అని వాడి సందేహం. ఒకరే అని చెప్పగలిగాను గాని, ఆయన ఏ ఊరివాడో, ఏం ఉద్యోగం చేశాడో, పైపుల నుంచి ఇసుకలోకి ఎలా వెళ్లాడో చెప్పలేకపోయాను. సర్వీసు అంతా ఆ పేరు చెప్పుకుని లెక్కలు కట్టినవాణ్ణి, సిగ్గనిపించింది. ఆ తర్వాత చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మన సభ్యులలో నీటి పనులు చేసినవారు చాలామందే ఉన్నారు. వారికి తెలిసిన సంగతులు కొన్ని మళ్లీ చెప్పినట్లయితే మన్నించాలి. ఇళ్లలో ఇంజనీరింగు చదివే పిల్లలుంటే వారి చేత కూడా చదివించవలసిందిగా మనవి.

హెన్రీ డార్సీ ఫ్రాన్సు దేశంలో బర్గండీ ప్రాంతానికి ముఖ్యపట్టణమైన దిజోన్‌లో 1803 జూన్ 10న పుట్టారు. ఆ సంవత్సరం మనకు మరో విధంగా గుర్తుండవలసినదే. గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర పుట్టినది అదే 1803 మే 15న. అంటే ఇద్దరికీ నెల తిరగనంత తేడా. ఇద్దరూ నీళ్లతోనే జీవితం గడిపారు. కాటన్ దొర తొంభై ఆరేళ్లు బతికి 1899లో కన్నుమూశారు. డార్సీకి అంత ఆయుష్షు లేదు. యాభై నాలుగేళ్లకే వెళ్లిపోయారు.

తండ్రి పన్నుల శాఖలో ఉద్యోగి. డార్సీకి పద్నాలుగేళ్లప్పుడు, 1817లో ఆయన పోయారు. ఇంట్లో ఒక తమ్ముడు. ఉన్నంతలోనే పిల్లలిద్దరి చదువూ ఆగకూడదని తల్లి పట్టుబట్టింది. ఆమె పట్టుదల ఫలించి 1821లో కుర్రవాడికి పారిస్‌లోని పాలిటెక్నిక్ విద్యాలయంలో సీటు వచ్చింది. రెండేళ్ల తర్వాత అక్కడి నుంచి రోడ్లు, వంతెనల ఇంజనీర్లను తయారుచేసే ప్రభుత్వ కళాశాలకు వెళ్లారు. ఫ్రాన్సులో ఆ కళాశాలలో చదివి ఆ సర్వీసులో చేరడమంటే మన రోజుల్లో పి.డబ్ల్యు.డి.లో గెజిటెడ్ ఉద్యోగం వచ్చినట్లే. తొలి పోస్టింగు పక్క జిల్లాలో. ఏడాది తిరిగేలోగా సొంత ఊరికే బదిలీ వచ్చింది. 1828లో పెళ్లయింది. భార్య హెన్రియెట్ కేరీ, ఇంగ్లీషు చానెల్‌లోని గెర్న్‌సీ దీవికి చెందిన కుటుంబం పిల్ల. వారికి సంతానం లేదు.

ఇక ఆ ఊరి నీళ్ల సంగతి చెప్పాలి. దిజోన్ అందమైన ఊరే గాని తాగే నీరు మాత్రం ఘోరం. ఊరి బావులన్నీ చెడిపోయాయి. ఊరి గుండా పారే సుజోన్ అనే వాగు పేరుకే వాగు, పనికి మురుగుకాలువ. వాన వస్తే పొంగుతుంది, లేకపోతే కంపు. కలరా 1832లో ఫ్రాన్సులో ప్రవేశించి పారిస్‌ను అతలాకుతలం చేసిన కాలమది. కలరా నీటి ద్వారా వస్తుందన్న సంగతి అప్పటికి ఎవరూ రుజువు చేయలేదు. అయినా చెడ్డ నీరు తాగితే జబ్బులు వస్తాయని సామాన్యుడికి తెలుసు. ఊళ్లో లోతుగా బోరు వేసి చూశారు. నీరైతే పైకి వచ్చింది గాని ఊరికి సరిపడా రాలేదు. ఆ పనిలో డార్సీ కూడా ఉన్నారు. బోరులో నీటిమట్టం ఎంతవరకు వస్తుంది, తోడితే ఎంత దిగుతుంది అన్నది ఆయన దగ్గర నుంచి చూశారు. ఇరవై ఏళ్ల తర్వాత ఇసుకలో నీటి నడకను కొలిచిన మనిషికి ఆ అనుభవం ఊరికే పోలేదని నా అభిప్రాయం.

బోరు లాభం లేదని తేలాక ఆయన దృష్టి ఊరికి దూరంగా ఉన్న రోజ్వార్ అనే ఊటబుగ్గ మీద పడింది. 1834లో మునిసిపల్ కౌన్సిలుకు నివేదిక ఇచ్చారు. బుగ్గ నుంచి నిమిషానికి ఎనిమిది ఘనమీటర్లు, అనగా ఎనిమిది వేల లీటర్లు నీరు వస్తుంది. దానిని 12.7 కిలోమీటర్ల పొడవున, పైన కప్పు వేసిన రాతి కాలువలో ఊరికి తేవాలి. ఊరి గుమ్మం దగ్గర నేలలో రిజర్వాయరు కట్టాలి. అక్కడి నుంచి పోత ఇనుప గొట్టాలలో వీధివీధికీ పంచాలి. మొత్తం పథకంలో ఒక్క పంపు కూడా లేదు. అంతా నేల వాలు మీదనే నడవాలి.

పంపు లేకుండా పన్నెండు కిలోమీటర్లు అనగానే పిల్లలు ఆశ్చర్యపోతారు. ఇందులో ఉన్నది ఫ్లూయిడ్ మెకానిక్స్‌లోని మొదటి సూత్రమే. ఎత్తున ఉన్న నీరు ఆ ఎత్తు మేరకు పనిచేయగల శక్తి కలిగి ఉంటుంది. కిందికి దిగేకొద్దీ ఆ ఎత్తు పోతుంది. అందులో కొంత వేగంగా మారుతుంది, గొట్టంలో అయితే కొంత పీడనంగా ఉంటుంది. ఎత్తు, పీడనం, వేగం ఈ మూడింటినీ మీటర్లలోనే కొలిచి కూడితే, దారిలో నష్టం లేనంతవరకు ఆ మొత్తం మారదు. ఇది స్విట్జర్లండు దేశపు డానియల్ బెర్నూలీ 1738లో అచ్చువేసిన గ్రంథంలోని ఆలోచన. ఇంజనీరు భాషలో ఆ మొత్తాన్ని హెడ్ అంటాం. అయితే నష్టం లేని దారి పుస్తకంలోనే ఉంటుంది. నీరు గోడకు రాసుకుంటుంది, తనలో తాను సుడులు తిరుగుతుంది, ప్రతి మీటరుకూ కొంత హెడ్ వేడిగా పోతుంది. పోయేది ఎంత? అది ముందుగా తెలిస్తే గొట్టం సైజు చెప్పగలం. తెలియకపోతే ఊరి చివరి వీధికి నీరు చేరదు. డార్సీ జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అనుమతులకే మూడేళ్లకు పైగా పట్టింది. ఫ్రాన్సులోనైనా అంతే! 1837 చివరలో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. 1838 మార్చిలో పని మొదలుపెట్టి 1840 సెప్టెంబరులో నీరు రిజర్వాయరులోకి వదిలారు. రెండున్నరేళ్లలో అంత పని, అదీ పారలతో, గునపాలతో. 1844 నాటికి ఊళ్లో 28 కిలోమీటర్ల గొట్టాలు, వంద మీటర్లకొకటి చొప్పున 142 వీధి కుళాయిలు వచ్చాయి. పాతిక ముప్ఫయి వేల మంది ఉన్న ఊరికి రోజుకు కోటి లీటర్లు పైబడిన నీరు. తలకు లెక్కవేస్తే రమారమి నాలుగు వందల లీటర్లు. మనం పట్టణాల నీటి పథకాలకు తలకు 135 లీటర్లు లెక్కగట్టి, అదీ ఇవ్వలేక సతమతమైన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పారిస్ నగరానికి ఇలాంటి మంచి నీటి ఏర్పాటు కావడానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది.

వీధి కుళాయిల నీటికి డబ్బు తీసుకోకూడదన్నది డార్సీ పట్టుదల. పగటి వెలుతురును పేదవాడికి కొలిచి ఇవ్వనప్పుడు నీళ్లు మాత్రం ఎందుకు కొలవాలి అన్నది ఆయన వాదన. తన విషయంలోనూ అలాగే నడుచుకున్నారు. ఈ పథకానికి ఆయనకు నగరం నుంచి రావలసిన రుసుము సుమారు 55 వేల ఫ్రాంకులని లెక్క తేలింది. అది చిన్న మొత్తం కాదు. ఆయన తీసుకోలేదు. కౌన్సిలు ఊరుకోలేక బంగారు పతకం చేయించి ఇచ్చింది. బతికినంత కాలం ఆయన ఇంటికి ఉచితంగా నీరు ఇస్తామంది. దానికి మాత్రం ఒప్పుకున్నారు. నాకు ఈ ఘట్టం మహా నచ్చింది. డబ్బు వద్దన్న మనిషి తాను తెచ్చిన నీటిని కాదనలేకపోయారు.

ఇదే రోజుల్లో ఆయన జిల్లా ముఖ్య ఇంజనీరు అయ్యారు. పారిస్ నుంచి లియాన్ వెళ్లే రైలుమార్గం దిజోన్ మీదుగా వెళ్లాలని వాదించి, అందుకు అడ్డుగా ఉన్న కొండలో నాలుగు కిలోమీటర్లు పైబడిన బ్లేజీ సొరంగానికి రూపకల్పన చేశారు. ఆ సొరంగం గురించి వేరే వ్యాసమే రాయవచ్చు, ఇక్కడ వదిలేస్తున్నాను.

1848 ఫిబ్రవరిలో ఫ్రాన్సులో విప్లవం వచ్చి రాజు దిగిపోయాడు. కొత్త ప్రభుత్వానికి, ఊళ్లో అందరూ మాట వినే ఈ ఇంజనీరు మీద అనుమానం కలిగింది. ఆయన ఏ రాజకీయాల్లో వేలుపెట్టారో నాకు కనబడలేదు. బదిలీ ఉత్తర్వు మాత్రం వచ్చింది. ఇరవై ఏళ్లు పనిచేసిన సొంత ఊరు వదిలి బూర్జ్ ప్రాంతానికి పోవలసి వచ్చింది. సర్కారు మారినప్పుడల్లా పెట్టె సర్దుకున్న మన సభ్యులకు ఈ కథ విడమరిచి చెప్పనక్కరలేదు. అయితే పనిమంతుణ్ణి ఎక్కువకాలం పక్కన పెట్టడం ఏ సర్కారుకూ కుదరదు. ఆ ఏడాది తిరక్కుండానే పారిస్ నగరానికి నీళ్లు, రోడ్ల శాఖాధిపతిగా పిలిపించుకున్నారు. రోడ్ల పని మీద లండన్ వెళ్లి అక్కడి కంకర రోడ్లను చూసి వచ్చి 1850లో నివేదిక కూడా రాశారు.

పారిస్‌లో ఆయన చేసిన అసలు పని షాయో నీటి కేంద్రంలో జరిగింది. అప్పటివరకు గొట్టాలలో ఘర్షణ నష్టానికి ప్రోనీ అనే ఇంజనీరు కట్టిన సూత్రం వాడేవారు. దానిలో ఒక చిత్రం ఉంది. గొట్టం లోపలి గోడ నున్నగా ఉన్నా, తుప్పుపట్టి గరుకుగా ఉన్నా నష్టం ఒకటే అని దాని లెక్క. గోడకు ఆనుకుని పలుచని నీటిపొర నిలిచిపోతుంది కాబట్టి కదిలే నీటికి గోడ ఎలా ఉన్నా ఒకటేనని నాటి పెద్దల నమ్మకం. దిజోన్‌లో 28 కిలోమీటర్ల గొట్టాలు వేసి, వాటిని ఏళ్ల తరబడి చూసిన డార్సీకి ఇది మింగుడు పడలేదు. 1849 నుంచి 1851 దాకా ఇరవై రెండు రకాల గొట్టాలు బిగించి పరీక్షించారు. పోత ఇనుము, దుక్క ఇనుము, సీసం, గాజు, తారుపూత వేసినవి. పన్నెండు మిల్లీమీటర్ల సన్నగొట్టం మొదలు అర మీటరు వ్యాసం గల గొట్టం వరకు. కొత్తవి, వాడి తుప్పుపట్టినవి, ఆ తుప్పును గోకి శుభ్రం చేసినవి కూడా.

తేలినదేమిటంటే, గోడ గరుకుదనానిదే పెత్తనం. తుప్పుపట్టిన గొట్టంలో నష్టం కొత్తదానిలో కంటే ఎంతో ఎక్కువ. గొట్టం సైజు మారినా ఆ గుణకం మారుతుంది. మనం నేడు డార్సీ, వైస్‌బాక్ పేర్లు కలిపి చెప్పే సూత్రం రూపం జర్మనీ దేశస్థుడైన వైస్‌బాక్ 1845లో ఇచ్చినది. అందులోని ఘర్షణ గుణకం అంటే ఏమిటో, అది దేనిని బట్టి మారుతుందో ప్రయోగం చేసి చూపినది డార్సీ. అందుకే ఇద్దరి పేర్లూ కలిసి నిలిచాయి.

ఆ సూత్రం పిల్లలకు ఇలా చెబితే తలకెక్కుతుంది. నష్టం గొట్టం పొడవును బట్టి పెరుగుతుంది, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వ్యాసాన్ని బట్టి తగ్గుతుంది. ఇప్పుడు డబ్బు మిగులుతుందని ఎవరో గొట్టం వ్యాసం సగం చేశారనుకోండి. పంపవలసిన నీరు మాత్రం అంతే. వ్యాసం సగమైతే లోపలి వైశాల్యం నాలుగో వంతు. అదే నీరు అందులోంచి పోవాలంటే వేగం నాలుగు రెట్లు కావాలి. వేగం వర్గం పదహారు రెట్లు. వ్యాసం సగమైనందుకు మళ్లీ రెండు రెట్లు. మొత్తం ముప్ఫయి రెండు రెట్లు! గుణకంలో వచ్చే మార్పు ఇంకా కలపనే లేదు. గొట్టంలో మిగిల్చిన రూపాయి పంపు కరెంటు బిల్లులో ఎలా పోతుందో ఇక చెప్పనక్కరలేదు. మా మనవడు ఈ లెక్క కాగితం మీద వేసుకుని, పుస్తకంలో అదే సూత్రం నాలుగుసార్లు చదివాను గాని ఇది తట్టలేదన్నాడు.

నా సంగతి ఒకటి దాచకుండా చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న పట్టణానికి గ్రావిటీ మెయిన్ లెక్క వేశాను. పట్టికలో కొత్త పోత ఇనుప గొట్టానికి ఇచ్చిన అంకె తీసుకుని, లెక్క ఖచ్చితంగా సరిపోయిందని సంబరపడ్డాను. మొదటి కొన్నేళ్లు నీరు బాగానే వచ్చింది. పన్నెండు పదమూడేళ్ల తర్వాత వేరే పని మీద ఆ ఊరు వెళితే చివరి వీధి ఆడవాళ్లు బిందెలతో రెండు వీధులు దాటి వచ్చి నీళ్లు పట్టుకుంటున్నారు. ఒకచోట గొట్టం కోసి చూస్తే లోపలంతా తుప్పు బుడిపెలు కట్టి, అరచెయ్యి దూరవలసినచోట మూడు వేళ్లు పట్టడం లేదు. గొట్టం ముసలిదవుతుందని డార్సీ వందేళ్ల క్రితమే కొలిచి చెప్పారు. పట్టిక అడుగున చిన్న అక్షరాలలో ఉన్న ఆ ముక్క నేను చదవలేదు. ఆ చివరి వీధిలో ఎవరూ నన్ను ఏమీ అనలేదు, ఆ లెక్క నాదని వాళ్లకు తెలియదు కదా.

ప్రయోగాలు చేయాలంటే వేగం సరిగా కొలవాలి. పిటో అనే ఫ్రెంచివాడు 1732లోనే వంచిన గాజుగొట్టం నదిలో ముంచి, అందులో నీరు ఎంత ఎత్తు లేచిందో చూసి వేగం చెప్పే ఉపాయం కనిపెట్టాడు. ప్రవాహానికి ఎదురుగా నోరు పెట్టిన గొట్టంలో నీరు ఆగిపోతుంది, దాని వేగమంతా ఎత్తుగా మారుతుంది. బెర్నూలీ చెప్పినదే కళ్లకు కనబడుతుందన్నమాట. కాని ఆ సాధనంలో నీటిమట్టం ఒకచోట నిలవక ఊగిసలాడేది, అలల మధ్య చదవడం కష్టం. డార్సీ దాని మూతిని సన్నం చేశారు. పీడనం మాత్రమే చూపే రెండో గొట్టాన్ని జతచేశారు. చదివే క్షణంలో నీటిని కదలకుండా పట్టి ఉంచే చిన్న కుళాయి అమర్చారు. అలా అది పనికివచ్చే పరికరం అయింది. విమానం ముక్కు దగ్గర గాలి వేగం చూపే గొట్టం ఆ వంశంలోదే.

ఇంతలో ఆరోగ్యం చెడింది. చాలాకాలంగా ఒంట్లో బాగుండక పోయినా పని ఆపకుండా నెట్టుకొచ్చారు. 1850లో ఇన్‌స్పెక్టర్ జనరల్ హోదా వచ్చింది. అయినా 1855 నాటికి ఇక లాభం లేదనిపించి, పాలనా బాధ్యతలన్నీ వదిలేసి పరిశోధన మాత్రం చేసుకుంటానని అడిగి దిజోన్‌కు తిరిగి వచ్చేశారు. వయసు యాభై రెండు. ఆ తర్వాత మిగిలిన ఆయుర్దాయం రెండేళ్ల చిల్లర. ఆయన పేరు ప్రపంచంలో ఏ మూలనైనా ఇంజనీర్లు పలికే మాట అయినది ఆ రెండేళ్లలో చేసిన పని వల్లనే. పైళ్లు, తనిఖీలు, కమిటీలు అన్నీ పోయి, ఆయనకు మిగిలినవి ఒక ఇసుక గొట్టం, రెండు పాదరసపు మానోమీటర్లు, సాయంగా రిటర్ అనే యువ ఇంజనీరు.

స్థలం దిజోన్ ఆసుపత్రి ఆవరణ. పదిహేనేళ్ల క్రితం తానే వేయించిన గొట్టాల నీరు ఆ ఆసుపత్రికి వస్తుంది. అక్కడ మనిషి ఎత్తును మించిన నిలువు ఇనుప స్తంభం నిలబెట్టారు. లోపలి వ్యాసం 35 సెంటీమీటర్లు. అందులో సోన్ అనే ఫ్రెంచి నది ఇసుక నింపారు. పైనుంచి ఆసుపత్రి కుళాయి నీరు వదిలి, ఇసుక గుండా దిగి అడుగున ఎంత వస్తుందో, పైనా కిందా పీడనం ఎంత ఉందో కొలిచారు. 1855 అక్టోబరు ఆఖరి రెండు మూడు రోజులు, నవంబరు మొదట్లో ఒక రోజు ఈ పని జరిగింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఆసుపత్రిలో ఎక్కడ ఎవరు కుళాయి తిప్పినా గొట్టాల పీడనం మారి, ఇక్కడ మానోమీటరులో పాదరసం ఎగిరి పడేది. రోగులకు నీళ్లు ఆపండని ఆయన అనలేరు కదా! ఊగిసలాటల మధ్య సగటు తీసుకుని ఆ లెక్కలు రాసుకున్నారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో రిటర్ ఇంకొన్ని ప్రయోగాలు చేశాడు.

ఇసుక ఎందుకంటే, నది నీరు తాగే ఊళ్లకు ఇసుక ఫిల్టర్లు కావాలి. ఎంత వైశాల్యం, ఎంత మందం, ఎంత నీరు అన్నదానికి అప్పటికి సరైన లెక్క లేదు. ఒక్కొక్క ఊరు ఒక్కొక్క అనుభవంతో కట్టుకునేది. డార్సీ కనుగొన్న నియమం ఎంత సులభమంటే, చదివినవాడికి ఇంతేనా అనిపిస్తుంది. ఇసుక గుండా వచ్చే నీరు, ఇసుక వైశాల్యాన్ని బట్టి, పైకీ కిందికీ ఉన్న హెడ్ తేడాను బట్టి పెరుగుతుంది. ఇసుక మందాన్ని బట్టి తగ్గుతుంది. మిగిలినది ఆ ఇసుక గుణాన్ని తెలిపే ఒక గుణకం. అంతే.

మా మనవడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. గొట్టంలో నీరు రెండింతలు రావాలంటే హెడ్ నాలుగింతలు కావాలి. ఇసుకలో అయితే రెండింతల హెడ్‌కు రెండింతల నీరు వచ్చేస్తుంది. మనిషి ఒకడే, నీరు ఒకటే, లెక్క మాత్రం రెండు. ఎందుకు? గొట్టంలో నీరు వేగంగా పోతూ సుడులు తిరుగుతుంది, నష్టం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. ఇసుక రేణువుల మధ్య సందులు వెంట్రుకలంత సన్నం, వేగం అతి తక్కువ. అక్కడ సుడులు ఉండవు. పొర మీద పొర జారినట్లు నీరు నెమ్మదిగా నడుస్తుంది, నష్టం వేగాన్ని బట్టే ఉంటుంది, వర్గాన్ని బట్టి కాదు. షాయోలో సన్నగొట్టాలలో తక్కువ వేగంతో నీరు పంపినప్పుడే డార్సీకి ఈ రెండో నడక కనబడింది. అంతకు ముందే పాయిజే అనే వైద్యుడు రక్తం నడిచే సన్ననాళాల సంగతి తెలుసుకోబోయి సన్నని గాజు నాళాలలో దానినే చూశాడు. ఏ నడక ఎప్పుడు వస్తుందో తేల్చే కొలత కోసం మాత్రం 1883లో ఇంగ్లండులో రెనాల్డ్స్ రంగునీళ్లతో ప్రయోగం చేసేదాకా ఆగవలసి వచ్చింది. మన పిల్లలు రెనాల్డ్స్ నంబరును మొదటి నెలలోనే బట్టీ పడతారు. డార్సీకి అది లేదు. అయినా తను కొలిచిన అంకెలను నమ్మి, రెండు చోట్లా రెండు నియమాలు రాశారు. ఒకే సూత్రంలో ఇరికించాలని చూడలేదు.

ఈ నియమాన్ని ఆయన 1856లో అచ్చయిన దిజోన్ నీటి పథకం గ్రంథంలో చెప్పారు. ఆరు వందల పుటలు దాటిన ఆ పుస్తకం చాలావరకు బుగ్గలు, కాలువలు, వాల్వులు, ఖర్చుల వివరాలే. ఇసుక ప్రయోగం పుస్తకం వెనక అనుబంధాలలో ఒకటిగా ఉంది, దానికి వేరే ఆర్భాటమేమీ లేదు. ఆయన తర్వాత పారిస్‌లో అదే పదవికి వచ్చిన ద్యుపుయి 1863లో ఆ నియమాన్ని బావికి వర్తింపజేసి, తోడితే మట్టం ఎంత దిగుతుందో లెక్క చెప్పాడు. మనం బోరుబావికి ఈల్డు టెస్టు చేసినా, నాగార్జునసాగరం మట్టికట్టల వంటి కట్టలలో ఊటనీటి గీత ఎక్కడ పోతుందో గీసినా, ఆనకట్ట పునాది కింద ఊట లెక్కించినా ఆధారం ఆసుపత్రి ఆవరణలోని ఆ ఇసుక స్తంభమే. చమురు బావుల వారు రాతిలో నూనె నడిచే సులువును కొలిచే ప్రమాణానికి డార్సీ అనే పేరు పెట్టుకున్నారు.

షాయో గొట్టాల ప్రయోగాల గ్రంథం 1857లో వచ్చింది. అప్పటికే ఆయన మూడో పని మొదలుపెట్టేశారు. గొట్టాలు అయిపోయాయి, ఇసుక అయిపోయింది, ఇక మిగిలినది తెరిచిన కాలువ. దిజోన్ దగ్గర బర్గండీ కాలువ పక్కన ప్రయోగాల కోసం ప్రత్యేకంగా ఒక కాలువ కట్టించి, దాని గోడలు పలకలతో ఒకసారి, గులకరాళ్లతో ఒకసారి మార్చి మార్చి నీటి వేగం కొలవాలని ఏర్పాటు. సాయానికి బాజిన్ అనే యువకుడు వచ్చాడు.

ఆ పని పూర్తి కాలేదు. పారిస్ వెళ్లినప్పుడు న్యుమోనియా వచ్చి 1858 జనవరి 3న డార్సీ అక్కడే మరణించారు. భౌతికకాయాన్ని దిజోన్‌కు తెచ్చినప్పుడు ఊరంతా కదిలివచ్చింది. రిజర్వాయరు ఉన్న చౌకుకు వెంటనే ఆయన పేరు పెట్టారు. ఆ పేరు అలాగే నిలిచి ఉంది. తర్వాత అక్కడ తోట కూడా వేశారు. రిజర్వాయరు ఆ తోట కిందనే ఉంది.

కాలువ ప్రయోగాలను బాజిన్ వదిలిపెట్టలేదు. ఏడేళ్లు పట్టింది. కాలువలలో నీటి వేగానికి మనలో పెద్దవారు వాడిన బాజిన్ సూత్రం ఆయనదే. ఆ ఫలితాలను 1865లో గ్రంథంగా వేసినప్పుడు తన పేరు మాత్రమే వేసుకోవచ్చు, అడిగేవారు లేరు. కాని మొదలుపెట్టినది డార్సీ అనీ, కొనసాగించినది తాననీ ఆ గ్రంథం పేరులోనే అచ్చువేయించాడు.